మీ ఊరి చెరువుకి వలస పక్షులొస్తాయా? వేట ఆపడానికి ఏం చేయాలంటే

వానలు తగ్గి చెరువులు నిండుగా ఉండే రోజుల్లో, అంటే సుమారు అక్టోబరు నుంచి మార్చి దాకా, మన నీళ్ల మీద వాలే బాతులు, బురదలో పొడుచుకు తినే ఉల్లంకి పిట్టల్లో చాలావరకు ఉత్తరాది దేశాల నుంచి వచ్చేవే. సైబీరియా, మంగోలియా, మధ్య ఆసియా వైపు పిల్లల్ని పెంచుకుని, అక్కడ నీళ్లు గడ్డకట్టే వేళకి కొల్లేరు, పులికాట్, తెలంగాణ చెరువుల దాకా దిగుతాయి. తల వెనక రెండు నల్ల చారలుండే బార్ హెడెడ్ గూస్ అయితే ఏకంగా హిమాలయాలు దాటి వస్తుంది. సరిగ్గా ఇదే కాలం పిట్టలు పట్టేవాళ్లకి కూడా సీజన్. అంత దూరం ఎగిరొచ్చిన పక్షి మన గట్టు మీద ఒక నైలాన్ ఉచ్చులో కొట్టుకుని చావడం చూస్తే కడుపు రగిలిపోతుంది, అందుకే ఇదంతా రాస్తున్నా.

ముందే ఒక మాట. వేటగాడిని పట్టుకోవడం మన పని కాదు. మన చేతిలో ఉన్నవి రెండే: కంటపడిన సంగతి ఆలస్యం లేకుండా సరైన చోటికి చేరవేయడం, ఆ మాంసం కొనేవాడు లేకుండా చేయడం. రెండోది చాలా కష్టం, అయినా వేట నిజంగా ఆగేది దానితోనే.

చట్టం సంగతి కొంచెం తెలిసుంటే ఎవరితో మాట్లాడినా ధైర్యంగా మాట్లాడొచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం తుపాకీతో కాల్చడమే వేట అనుకుంటే పొరపాటు. వల వేయడం, ఉచ్చు పన్నడం, మందు పెట్టడం, తరమడం, గుడ్లు తీయడం, గూళ్లు చెదరగొట్టడం, చివరికి వీటికి ప్రయత్నించడం కూడా వేట కిందికే వస్తుంది. పిట్ట చిక్కకపోయినా వల కట్టినవాడు తప్పు చేసినట్టే. 2022లో చట్టాన్ని సవరించాక మామూలు కేసుల్లో మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అదే కొల్లేరు, పులికాట్, నేలపట్టు లాంటి అభయారణ్యం హద్దుల్లో వేటాడినా, చట్టం గట్టి రక్షణ ఇచ్చే జాబితా అయిన మొదటి షెడ్యూల్లో ఉన్న పక్షిని చంపినా మూడేళ్లకి తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, పాతిక వేలకి తగ్గని జరిమానా. "ఎయిర్ గన్‌కి లైసెన్సే అక్కర్లేదు కదా అన్నా" అని కుర్రాళ్లు అంటుంటారు. కొన్ని రకాలకి లైసెన్స్ అక్కర్లేని మాట నిజమే, కానీ దాంతో కొంగని కొడితే అది నేరమే.

ఇంకో సంగతి. తేలినీలాపురం, నేలపట్టు, ఉప్పలపాడు లాంటి చోట్ల కనిపించే గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు సైబీరియా నుంచి వస్తాయని చాలామంది నమ్ముతారు, నిజానికి అవి మన దేశంలోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ తిరిగే పక్షులే, ఇక్కడికి గూళ్లు కట్టి పిల్లల్ని లేపడానికి వస్తాయి. "ఇది ఫారిన్ పిట్ట కాదు, ఇక్కడిదే" అని ఎవరైనా తప్పించుకోబోతే ఆ వాదన నిలబడదు. చట్టం రెండింటినీ కాపాడుతుంది.

ఇక చెరువు దగ్గర ఏం చూడాలో చెప్తాను. వల అన్నిటికన్నా మోసకారిది. రెండు వెదురు గెడల మధ్య సన్నటి నైలాన్ వల నిలువుగా కడతారు, సాయంత్రం పక్షులు మేతకి లేచే వేళా, తెల్లారి తిరిగొచ్చే వేళా దాని ముందు నిలబడ్డా మన కంటికే ఆనదు, ఇక వేగంగా వచ్చే బాతుకి ఏం కనిపిస్తుంది. దాన్ని పట్టుకోవడానికి మంచి సమయం తెల్లవారుజాము, మంచు బిందువులు దారాలకి పట్టి ఎండ పడగానే గాల్లో గీతలు గీసినట్టు మెరుస్తాయి. నీళ్లలో ఏ పనీ లేకుండా ఎదురెదురుగా పాతిన గెడలు, వాటి చివర్లకి కట్టిన దారం ముక్కలు, గట్టు కింద గుంపుగా రాలిన ఈకలు కనిపిస్తే అక్కడ ఆగి చూడండి. ఉచ్చులైతే బురద అంచున, పిట్టలు నడిచే దారిలో, చిన్న పుల్లలకి కట్టిన ముడులు వరసగా ఉంటాయి. కొమ్మలకి బంక పూసే పద్ధతి కూడా ఉంది, పిట్ట వాలితే రెక్క అంటుకుపోతుంది.

దీమం పిట్టని చూస్తే మాత్రం మనసు తట్టుకోలేదు. బతికున్న కొంగని పొలంలో కాలికి దారం కట్టి నిలబెడతారు, బెదిరి ఎగరకుండా కొన్ని చోట్ల దాని కనురెప్పలు కూడా కుట్టేస్తారు. పైన ఎగిరే కొంగలు తమదొకటి కింద మేస్తోందనుకుని దిగుతాయి. ఒక్క కొంగ ఒకేచోట చాలాసేపు కదలకుండా, రెక్కలు మాత్రం ఉలికిపడుతూ కనిపిస్తే అనుమానించండి. రాత్రిపూట చెరువు మీద బలమైన టార్చిలైట్లు, స్పీకర్లో ఆగకుండా వినిపించే పిట్ట కూతలు కూడా ఇలాంటి గుర్తులే.

సరే, కనిపించింది. ఇప్పుడు?

ఎదురెళ్లి గొడవ పడకండి. వాళ్ల దగ్గర కత్తులుంటాయి, ఒక్కోసారి నాటు తుపాకులుంటాయి, పైగా మీరు అరిస్తే వల చుట్టేసి వెళ్లిపోతారు, రేపు ఇంకో చెరువులో కడతారు. దూరం నుంచే ఫోటోలు, వీడియో తీయండి. తారీఖు, టైము, లొకేషన్ ఫోటో మీదే పడే జీపీఎస్ కెమెరా యాప్ ఇప్పుడు పంచాయతీ పనులకి అందరూ వాడేదే, అదే వాడండి. బండి ఉంటే నంబరు. ఆ తర్వాత అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కి, ఆయన ఎత్తకపోతే సెక్షన్ ఆఫీసర్‌కి, అక్కడా దొరక్కపోతే రేంజ్ ఆఫీసర్‌కి ఫోన్ చేయండి. కొల్లేరు ప్రాంతానికి ఏలూరులో, పులికాట్, నేలపట్టులకి సూళ్లూరుపేటలో వన్యప్రాణి విభాగం ఆఫీసులున్నాయి. ఎవరూ దొరక్కపోతే 112కి చేయండి. ఈ చట్టం కింద సోదా చేసి పట్టుకునే అధికారం ఎస్సై, ఆ పై స్థాయి పోలీసులకి కూడా ఉంది. ఫోన్లో మాట్లాడాక అదే విషయాన్ని ఫోటోలతో సహా వాట్సాప్‌లో రాసి పంపండి, నోటిమాటకి ఆధారం ఉండదు. టెన్షన్‌లో "పిట్టల్ని చంపేస్తున్నారు సార్, త్వరగా రండి" అని పెట్టేస్తారు చాలామంది. అలా కాకుండా ఏ ఊరు, చెరువుకి ఏ దిక్కున, ఎంతమంది, వల ఉందా తుపాకీ ఉందా, ఏ దారిలో వస్తే వాళ్ల కంటపడకుండా చేరొచ్చు, ఇవి చెప్పండి.

పట్టుకునేదాకా దాన్ని ఫేస్‌బుక్‌లో గానీ ఊరి గ్రూపులో గానీ పెట్టొద్దు. ఆ గ్రూపులో వేటగాడి బావమరిది ఉంటాడు, మన ఊళ్ల సంగతి మనకి తెలియనిదా.

వలని మీరే కోసేయాలనిపిస్తుంది. సిబ్బంది వచ్చేదాకా ఆగితే అది సాక్ష్యంగా పనికొస్తుంది, అందుకని ఉత్త వలైతే ముట్టుకోకండి. బతికున్న పిట్ట చిక్కి ఉండి, వేటగాళ్లు దగ్గర్లో లేకపోతే వేరే విషయం: ముందు వీడియో తీసి, ఆ తర్వాత విడిపించండి. చేతులకి గ్లౌజులో, లేదంటే పాలిథిన్ కవర్లో తొడుక్కోండి, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ ఎంత కంగారు పెట్టిందో గుర్తుంది కదా. తల మీద పల్చటి గుడ్డ కప్పితే చాలా పక్షులు కొట్టుకోవడం ఆపేస్తాయి. రెక్కలు ఒంటికి ఆనించి పట్టుకుని చిన్న కత్తెరతో దారాలు ఒక్కొక్కటే కోయండి, లాగితే కాలో రెక్కో విరుగుతుంది. కొంగలు, గుడ్డికొంగలు సూటిగా కంట్లో పొడుస్తాయి, కాబట్టి ముక్కు మీ ముఖానికి దూరంగా ఉండాలి. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోయి అదే చంపుతుంది. గాయం లేకుంటే అక్కడే నీటి అంచున వదిలేయండి. గాయముంటే చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో చీకట్లో ఉంచి అటవీ సిబ్బందికో పశువుల డాక్టరుకో అప్పజెప్పండి, ఇంట్లో పెట్టుకుని పెంచడం కూడా నేరమే.

కాలికి లోహపు రింగు ఉందేమో తప్పకుండా చూడండి. దాని మీద అంకెలు, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పేరు లేదా వేరే దేశం సంస్థ పేరు చెక్కి ఉంటాయి. బతికున్న పిట్టకి రింగు తీయకూడదు, ఫోటో తీసి ముంబైలోని ఆ సొసైటీకి పంపితే ఆ పక్షికి ఎక్కడ, ఎప్పుడు రింగు వేశారో తెలుస్తుంది.

విషం కేసు వేరు. గుళికల మందు కలిపిన గింజలో చేపలో చల్లితే ఒకేచోట చాలా పిట్టలు పడి ఉంటాయి, కొన్ని తూలుతూ ఉంటాయి. అలాంటి చోట దేన్నీ వట్టి చేత్తో తాకొద్దు, పిల్లల్ని, పశువుల్ని, కుక్కల్ని అటు పోనివ్వొద్దు. ఆ చచ్చిన పిట్టల్నే శుభ్రం చేసి అమ్మేవాళ్లున్నారు. కొనేవాళ్లకి ఈ సంగతి చెప్పండి, చట్టం చెప్తే కదలని మనిషి దీనికి కదులుతాడు.

చేపల చెరువుల యజమానులతో మాట్లాడేటప్పుడు కొంచెం ఓపిక పట్టాలి, వాళ్ల నష్టం కూడా నిజమే. చేప పిల్ల వేసిన చెరువు మీద గూడబాతుల గుంపు దిగితే ఆ రైతు గుండె జారిపోతుంది. అయినా దానికి మందు పెట్టడం, కాల్చడం జవాబు కాదు. చెరువు మీద వదులుగా కప్పిన సన్నకళ్ల పాత వల అన్నిటికన్నా ప్రమాదం, చేపకి దిగిన పిట్ట అందులో తలకిందులుగా వేలాడి చస్తుంది. కప్పాలనుకుంటే బిగుతుగా లాగిన, కంటికి కనిపించే మందపాటి తాళ్లు వరసగా కట్టి వాటికి మెరిసే రిబ్బన్లు తగిలించడం మేలు. పిల్ల చిన్నగా ఉన్న వారాల్లో మనిషి కాపలా పెట్టి డప్పుతో అదిలించాలి. అభయారణ్యం హద్దుల్లో ఉన్న చెరువైతే అదిలించడానికి కూడా ముందు అటవీ శాఖని అడగాలి.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. ఆ పిట్టని వేటగాడు తినడానికి మాత్రమే పట్టట్లేదు, ముందే ఎవరో చెప్పి ఉంచారు కాబట్టి పట్టాడు. బావగారొస్తున్నారనో, పార్టీ ఉందనో "నాలుగు పరజ బాతులు చూడరా" అని ఫోన్ చేసేది ఊళ్లో పెద్దమనుషులే. రోడ్డు పక్కన కాళ్లు కట్టేసి తలకిందులుగా పట్టుకుని అమ్మే నీటికోళ్లని కారు ఆపి కొనేది చదువుకున్నవాళ్లే. జాలితో కొని వదిలేద్దామనిపిస్తుంది చాలామందికి, దయచేసి ఆ పని చేయొద్దు, ఆ డబ్బుతో వాడు రేపు ఇంకో నాలుగు పట్టుకొస్తాడు. ఫోటో తీసి, కిలోమీటరు రాయి చూసి, ఫోన్ చేయండి. డాబాల్లో "కౌజు పిట్ట" అని పెట్టేదాంట్లో ఫారంలో పెంచిన జపాన్ జాతి కౌజు అమ్మితే తప్పు లేదు, కానీ ఆ పేరు చాటున ప్లేట్లోకి ఇంకేం వస్తోందో అడగండి. మీ ఇంటి ఫంక్షన్‌లో, మీ బంధువుల విందులో ఆ మాంసం వస్తే తినకుండా లేచి, ఎందుకు తినలేదో నలుగురిలో చెప్పండి. మొహమాటపడితే ఈ పని జరగదు.

యూట్యూబ్‌లో వేట, వంట వీడియోలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. కింద తిడుతూ కామెంట్ పెడితే వాడికి వ్యూస్ పెరుగుతాయి. లింకు, స్క్రీన్‌షాట్ దాచుకుని అటవీ శాఖకీ, కేంద్రం కింద పనిచేసే వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరోకీ మెయిల్ చేయండి, వీడియో డిలీట్ చేసినా మీ దగ్గర రుజువుంటుంది. మంచి ఉద్దేశంతో పక్షుల ఫోటోలు పెట్టేవాళ్లు కూడా గూళ్లున్న చెట్టు, రాత్రి పక్షులు చేరే చోటు లొకేషన్ పెట్టకండి.

ఊరు తలచుకుంటే ఏమవుతుందో చూడాలంటే నాగాలాండ్‌లోని పాంగ్తి గ్రామం చాలు. 2012లో దోయాంగ్ రిజర్వాయర్ దగ్గర సైబీరియా వైపు నుంచి ఆఫ్రికాకి పోయే అమూర్ డేగల్ని చేపల వలలతో పట్టి చంపుతున్నారని బయటపడింది, ఆ ఒక్క సీజన్లోనే లక్షకి పైగా చనిపోయాయని అంచనా. గ్రామ సభలు, చర్చి పెద్దలు, అటవీ శాఖ కూర్చుని నిషేధం పెట్టుకున్నారు, మరుసటి ఏడాదికల్లా ఆ వేట దాదాపుగా ఆగిపోయింది. మనకి దగ్గర్లోనే, చిలికా ఒడ్డున మంగళాజోడిలో ఒకప్పుడు పక్షుల్ని, గుడ్లని అమ్ముకున్నవాళ్లే ఇప్పుడు పడవలు నడిపి టూరిస్టులకి పక్షుల్ని చూపిస్తున్నారు. మన తేలినీలాపురంలో, చిలమత్తూరు దగ్గర వీరాపురంలో ఊరి చెట్ల మీదే కొంగలు గూళ్లు కడతాయి, జనం వాటిని శుభంగా భావించి కాపాడుకుంటారు. కాబట్టి సెప్టెంబరులోనే గ్రామ సభలో తీర్మానం చేయించండి, చెరువు వేలం పాడుకునే మత్స్యకార సంఘాన్ని కూర్చోబెట్టండి, గట్టు మీద శిక్షలు రాసిన బోర్డు పెట్టించండి. పిట్టలు పట్టి బతికే కుటుంబాలు ఊళ్లో ఉంటే వాళ్లని దొంగల్లా చూడొద్దు, ఏ పిట్ట ఎప్పుడొస్తుందో, ఎక్కడ పడుకుంటుందో వాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలియదు. కాపలా పని, పక్షుల లెక్కింపు పని ముందు వాళ్లకే ఇప్పించేలా అటవీ శాఖని అడగండి.

ఫిర్యాదు చేశాక వదిలేయకండి. కేసు కట్టారా, పీఓఆర్ (అటవీ శాఖ రాసే ప్రాథమిక నేర నివేదిక) నంబరెంత అని వారం తర్వాత అడగండి. జవాబు రాకపోతే అటవీ శాఖ పై అధికారి డీఎఫ్ఓకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి, తర్వాత సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. అప్పటికీ కదలిక లేకపోతే, నేరం గురించీ కోర్టుకి వెళ్లే ఉద్దేశం గురించీ ప్రభుత్వానికి 60 రోజుల ముందు నోటీసు ఇచ్చి, మామూలు పౌరుడు కూడా నేరుగా కోర్టులో ఫిర్యాదు వేయడానికి ఈ చట్టంలోని 55వ సెక్షన్ వీలు కల్పిస్తుంది.