పిల్లలు రాసే కథలో మనిషి కనిపించాలంటే ఏం చేయాలి?

మూడో తరగతి పిల్లాడికి కాగితం ఇచ్చి కథ రాయమనండి. "అనగనగా ఒక ఊళ్ళో ఒక ముసలమ్మ ఉండేది. ఆమె చాలా మంచిది. అందరికీ సాయం చేసేది" అని రాసి, పెన్సిల్ కొరుకుతూ కూర్చుంటాడు. ఊహ లేక కాదు. మంచిది అని చెప్పేశాక ఆ ముసలమ్మకి కథలో ఇంక పనేమీ మిగల్లేదు. "గుణగణాలు రాయండి" అన్న ప్రశ్నకి జవాబులు రాసి రాసి, పాత్రంటే గుణాల చిట్టా అనుకుంటారు పిల్లలు. ముందు ఆ అలవాటు మాన్పించాలి.

ఈ పద్ధతి 7 నుంచి 10 ఏళ్ళ పిల్లలకి. ఐదారుగురు కలిస్తే బాగా సాగుతుంది. రోజుకి అరగంట చొప్పున నాలుగు రోజులు చాలు.

మొదటి రోజు కథ ఊసెత్తకండి. సంతకో బస్టాండుకో తీసుకెళ్ళి 10 నిమిషాలు ఊరికే చూడమనండి. ఇంటికొచ్చాక ఒక్కో మనిషి గురించి మూడే మూడు రాయాలి: చేతులు ఏం చేస్తున్నాయి, ఏ పని మళ్ళీ మళ్ళీ చేశారు, ఏ మాట అన్నారు. ఎత్తు, రంగు, చీర వద్దని ముందే చెప్పండి. చెప్పకపోతే కాగితమంతా వాటితోనే నింపేస్తారు. ఇక్కడ ఇంకో జాగ్రత్త ఉంది. పిల్లల కన్ను ముందుగా కుంటి నడక మీదో నత్తి మాట మీదో పడుతుంది. తిట్టొద్దు, "సరే, ఆయన చేతులు ఏం చేస్తున్నాయి?" అని చూపు మళ్ళించండి.

రెండో రోజు ఇద్దరు మనుషుల్ని కలిపి ఒకరిని చెయ్యాలి. ఒకరి చేతులు, ఇంకొకరి మాట తీసుకుని కొత్త పేరు పెట్టాలి. అప్పుడు ఊళ్ళో ఎవరినీ నొప్పించినట్టు ఉండదు, కల్పించడమూ అలవాటవుతుంది. ఉదాహరణకి, విజయనగరంలో రోడ్డు పక్క గంపలో సీతాఫలాలు అమ్మే మామ్మ. పేరు పైడమ్మ. డజను లెక్కపెట్టి, అడక్కుండానే పదమూడోది వేస్తుంది. ఎవరైనా నోరు తెరిచి ఇంకోటి అడిగితే మాత్రం "ఏటి, అడిగితే ఇత్తానా?" అని కసురుతుంది. మంచిది అన్న మాట ఎక్కడా లేదు, కానీ పైడమ్మ ఎలాంటిదో తెలిసిపోయింది. పెట్టే చెయ్యి, కసిరే నోరు: ఇలా ఒకదానికొకటి పొసగని రెండు పనులు దొరికితే పాత్ర సగం తయారైనట్టే.

మూడో రోజు కుర్చీ ఆట. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, దీనికి గంట పట్టినా పట్టనివ్వండి. పాత్రని తయారుచేసిన పిల్ల కుర్చీలో పైడమ్మలా కూర్చుంటుంది, మిగతావాళ్ళు ప్రశ్నలడుగుతారు. "మీరు ఎలాంటివారు?" అని అడిగితే మళ్ళీ గుణాల చిట్టాయే వస్తుంది. చేత్తో పట్టుకోగలిగే వస్తువు గురించి అడగమనండి. "మామ్మా, నీ కొంగుముడిలో ఏటుంది?" అంటే పిల్ల కాసేపు ఆలోచించి, "పది రూపాయల బిళ్ళలు. సిరిమాను సంబరంలో మనవరాలికి గాజులు కొనాలి" అనొచ్చు (సిరిమాను సంబరమంటే విజయనగరం పైడితల్లి జాతర). అదిగో, పాత్రకి కోరిక దొరికింది. "డాక్టరవ్వాలి", "ఊరిని బాగుచెయ్యాలి" లాంటి కోరికలొస్తే పక్కన పెట్టించండి. అవి తీరడానికి ఏళ్ళు పడుతుంది, పిల్లలు రాసే ఒక పేజీలో ఇమడవు. కోరిక ఈ సాయంత్రానికి తీరేదో, తప్పిపోయేదో అయ్యుండాలి. ఆట నడుస్తుంటే మధ్యలో దిద్దకండి. ఒక్కసారి దిద్దితే ఆ పిల్ల ఇక మీ ముఖం చూసి జవాబు చెబుతుంది.

నాలుగో రోజు 8 నుంచి 10 వాక్యాల్లో ఒకే సంఘటన రాయించండి. కోరికకి ఒక్క అడ్డు చాలు: సంబరం నాడు వాన పడుతోంది, గంప ఇంకా సగమైనా ఖాళీ కాలేదు. మనుషులు ఇద్దరికి మించొద్దు. మూడోవాడు వచ్చాడంటే పిల్లలు పేర్లు పరిచయం చెయ్యడంలో పడి అసలు మనిషిని మరిచిపోతారు. మంచి, చెడ్డ, చాలా అనే మాటలు వాడకూడదని షరతు పెట్టండి.

మాటల దగ్గర పెద్దవాళ్ళే ఎక్కువ తప్పు చేస్తారు. "ఏటి"ని కొట్టేసి "ఏమిటి" అని ఎర్రసిరాతో దిద్దుతారు. ఆ క్షణమే పైడమ్మ చచ్చిపోయి పాఠ్యపుస్తకం మిగులుతుంది. కథ చెప్పే వాక్యాలు బడి తెలుగులో ఉండనివ్వండి, కొటేషన్ల మధ్య మాట మాత్రం ఆ మనిషి నోట వచ్చినట్టే ఉండాలి. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది శ్రీకాకుళం నేల మీదే, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. సవర అనే గిరిజన భాషకి నిఘంటువు కూర్చిందీ ఆయనే. కాబట్టి ఇంట్లో సవర మాట్లాడే పిల్లలుంటే, పాత్ర చేత సవర మాటే పలికించి తెలుగు లిపిలో రాయనివ్వండి.

ఏడేళ్ళలోపు పిల్లలకి రాత భారం. వాళ్ళు బొమ్మ గీసి కథ చెబుతుంటే, మీరు ఒక్క మాటా మార్చకుండా రాసిపెట్టండి.

పాత్ర కాగితాలన్నీ ఒక కవర్లో దాచండి. నెల తర్వాత తీసి, అదే పైడమ్మని పలాస రైల్వే స్టేషన్లో టికెట్ పారేసుకున్నదాన్ని చేసి, ఇప్పుడేం చేస్తుందో రాయమనండి.