ఒక ట్యాంకు, రెండు లెక్కలు: ఇంజనీరులా, సిద్ధాంత భౌతికవేత్తలా ఆలోచించడం ఎలా

బీటెక్ చేసి ఫిజిక్స్ వైపు వచ్చిన పిల్లలు మొదటి సెమిస్టర్‌లో నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "మేడమ్, దీనికి ఏ ఫార్ములా వాడాలి?" ఫిజిక్స్ చదివి డిజైన్ ఆఫీసులో చేరినవాళ్ళు అక్కడ అడిగేది ఇంకొకటి: "ఈ 1.5 ఎక్కడినుంచి వచ్చింది సార్?" రెండూ అడగాల్సిన ప్రశ్నలే. కానీ మొదటిది ఫిజిక్స్ క్లాసులో, రెండోది డిజైన్ ఆఫీసులో వినేవాళ్ళకి చిరాకు తెప్పిస్తుంది. నేను మెకానికల్ చదివి, నీటి పైపులైన్లు డిజైన్ చేసే ఆఫీసులో పనిచేసి, ఆ తర్వాత సిద్ధాంత భౌతికానికి వచ్చాను. రెండు చోట్లా కూర్చున్నాను కాబట్టి, ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారేవాళ్ళు బుర్రని ఎలా తిప్పుకోవాలో రాస్తున్నాను.

సిద్ధాంతం వాళ్ళు కచ్చితంగా లెక్క కడతారని, ఇంజనీర్లు ఉజ్జాయింపుతో సరిపెట్టుకుంటారని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇద్దరిదీ ఉజ్జాయింపే. భౌతికవేత్త విషయం కనబడటం కోసం వీలైనన్ని వదిలేస్తాడు. ఇంజనీరు పని ఆగకుండా ఉండటం కోసం వీలైనన్ని కలుపుతాడు. ఈ తేడా చేత్తో లెక్క చేస్తే తప్ప ఒంటబట్టదు. అందుకే ఒక లెక్క చేద్దాం.

ముందు భౌతికవేత్తలా

నోట్‌బుక్‌లో ఎడమ పేజీ లెక్కకి ఉంచండి. కుడి పేజీ మీద "వదిలేసినవి" అని రాయండి. ఈ కుడి పేజీయే నేను మీకు నేర్పదలచుకున్న అసలు పని.

డాబా మీద 1000 లీటర్ల ట్యాంకు ఉంది. అడుగు వైశాల్యం 1 చదరపు మీటరు, నీటి ఎత్తు 1 మీటరు అనుకోండి. అడుగున 25 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం పడింది. ట్యాంకు ఎంతసేపట్లో ఖాళీ అవుతుంది?

పుస్తకం తియ్యకండి. నీళ్ళు బయటికొచ్చే వేగం దేనిమీద ఆధారపడొచ్చో రాయండి: గురుత్వ త్వరణం, నీటి ఎత్తు, నీటి సాంద్రత. సాంద్రతలో కిలోగ్రాము ఉంది. మిగతా రెంటిలో అది లేదు, కావలసిన వేగంలోనూ లేదు. కాబట్టి సాంద్రత జవాబులోకి రాలేదు. నీళ్ళయినా, పాదరసమయినా ఒకే వేగం. మిగిలిన రెంటితో మీటర్లు, సెకన్లు సరిపోయేలా వేగం కట్టాలంటే ఒక్కటే దారి: త్వరణాన్ని ఎత్తుతో గుణించి వర్గమూలం తీయడం. ముందు ఏ సంఖ్య ఉంటుందో శక్తి నిత్యత్వం చెబుతుంది. అది √2. అంటే వేగం √(2 × 9.81 × 1), సెకనుకి సుమారు 4.4 మీటర్లు. టొరిచెల్లి 17వ శతాబ్దంలో చెప్పిన సూత్రం ఇదే.

నీటి మట్టం దిగేకొద్దీ వేగం తగ్గుతుంది. దాన్ని కలుపుకుని సమాకలనం చేస్తే, ఖాళీ అయ్యే సమయం = (ట్యాంకు వైశాల్యం ÷ రంధ్రం వైశాల్యం) × √(2 × ఎత్తు ÷ 9.81). రంధ్రం వైశాల్యం 4.91 చదరపు సెంటీమీటర్లు. కాబట్టి 2037 × 0.4515, అంటే 920 సెకన్లు. పదిహేను నిమిషాల పైచిలుకు.

జవాబు వచ్చింది కదా అని పెన్ను పెట్టెయ్యకండి. భౌతికవేత్త అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఎత్తు నాలుగింతలు చేస్తే సమయం ఎంత? రెండింతలే. నీళ్ళు నాలుగింతలైనా సరే. చంద్రుడి మీద? గురుత్వం ఆరో వంతు కాబట్టి సుమారు రెండున్నర రెట్లు. ఇలా సూత్రాన్ని అటూ ఇటూ లాగి చూస్తే, ఏది దేనిమీద ఎంత గట్టిగా ఆధారపడిందో వేళ్ళకి తెలుస్తుంది. ఇంజనీరింగ్‌లో మనకి అలవాటు తప్పేది ఇదే. సంఖ్యలు వేసి జవాబు రాగానే కింద రెండు గీతలు గీసేస్తాం.

ఇప్పుడు కుడి పేజీ. ఒకటి: నీటి ఉపరితలం దిగే వేగాన్ని వదిలేశాం. ఎందుకు వదలొచ్చు? అక్కడ లెక్కలోకి వచ్చేది వైశాల్యాల నిష్పత్తి వర్గం. ఇక్కడ అది నలభై లక్షల్లో ఒక వంతు. రంధ్రం ట్యాంకంత పెద్దదైతే వదలకూడదు. రెండు: నీటి జిగట. రెనాల్డ్స్ సంఖ్య, అంటే జిగటతో పోలిస్తే నీటి జోరు ఎన్నింతలో చెప్పేది, లక్ష దాటింది కాబట్టి వదలొచ్చు. వెంట్రుకంత రంధ్రమైతే వదలకూడదు. మూడు: నీటి ధార సరిగ్గా రంధ్రమంతే లావుగా ఉంటుందనుకున్నాం. దీని పక్కన షరతు రాయబోతే చెయ్యి ఆగిపోతుంది, ఎందుకంటే దీనికి కారణం లేదు. ఊరికే అనుకున్నాం. కారణం లేకుండా వదిలేసినవి బయటపడటానికే ఈ పేజీ.

తర్వాత ఇంజనీరులా

ఆ మూడోదాన్ని ఇంజనీరు ఎప్పుడో పట్టుకున్నాడు. పదునైన అంచున్న రంధ్రంలోంచి వచ్చే ధార బయటికొచ్చాక కుంచించుకుపోతుంది. పక్కలనుంచి వచ్చే నీళ్ళు ఒక్కసారిగా మలుపు తిరగలేవు. హైడ్రాలిక్స్ పుస్తకంలో డిశ్చార్జ్ కోఎఫిషెంట్ (లెక్క ప్రకారం రావలసిన ప్రవాహంలో నిజంగా వచ్చే భాగం) చూడండి, సుమారు 0.61 అని ఉంటుంది. 920ని దాంతో భాగిస్తే 1508 సెకన్లు, అంటే పాతిక నిమిషాలు. పదిహేనుకీ పాతికకీ తేడా చిన్నది కాదు.

ఇక్కడ సిద్ధాంతం చదివిన పిల్లలు ముఖం మాడ్చుకుంటారు, "ఇది ఎక్కడో కొలిచిన సంఖ్య, దీంట్లో ఫిజిక్స్ ఏముంది" అని. ఉంది. రంధ్రం గుండ్రంగా కాకుండా పొడవాటి సన్నటి చీలిక అయితే, ధార ఎంత కుంచించుకుపోతుందో భౌతికవేత్త కిర్కాఫ్ 1869లో కాగితం మీద తేల్చాడు. జవాబు పై ÷ (పై + 2), అంటే 0.611. కొలిచినవాళ్ళ పట్టికలో ఉన్న సంఖ్య, సంకీర్ణ సంఖ్యల గణితంలోంచి వచ్చింది. మొదటిసారి ఈ లెక్క చేసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంకా తగ్గలేదు. కాబట్టి పట్టికలో సంఖ్య కనబడితే చిన్నచూపు చూడకండి. దాని కింద సిద్ధాంతం ఉందా అని తవ్వండి. ఇంజనీర్లయితే, తవ్వే తీరిక లేనప్పుడు ఆ సంఖ్యని నమ్మి ముందుకి వెళ్ళండి. అది కొలిచి చూసిన సంఖ్య, వాడటంలో నామోషీ లేదు.

అయితే ఇంజనీరు తేడా ఒక కోఎఫిషెంట్‌తో అయిపోదు. అతను ప్రశ్ననే మారుస్తాడు. ట్యాంకు అడుగున రంధ్రం ఎవరూ పెట్టుకోరు. కింద ఉన్నవాళ్ళకి కుళాయి తిప్పితే ఎన్ని నీళ్ళు వస్తాయన్నదే వాళ్ళకి కావాలి. సరే, ట్యాంకు నీటి మట్టానికి 10 మీటర్ల కింద కుళాయి. మధ్యలో 25 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత ఇనుప) పైపు, 15 మీటర్ల పొడవు, నాలుగు ఎల్బోలు అంటే మలుపులు, చివర గ్లోబ్ వాల్వ్. ఇప్పుడు ఒక్కో నష్టం పైపులో నీటి గతిశక్తికి ఎన్నింతలో చూసి కూడండి. పైపు గోడల రాపిడికి మూడీ చార్ట్ (గోడ గరుకుని బట్టి ఘర్షణ చెప్పే పటం) చూస్తే ఘర్షణ గుణకం 0.034, పైపు పొడవుని వ్యాసంతో భాగిస్తే 600, రెండూ గుణిస్తే 20.4. ఎల్బోకి 0.9 చొప్పున 3.6. పైపులోకి దిగే చోట 0.5. గ్లోబ్ వాల్వ్ ఒక్కటే 10. బయటికొచ్చే నీటి గతిశక్తికి 1. మొత్తం 35.5. వేగం √(2 × 9.81 × 10 ÷ 35.5), సెకనుకి 2.35 మీటర్లు. నష్టాలేవీ లేకపోతే అది 14 ఉండేది.

నిమిషానికి సుమారు 69 లీటర్లు వస్తాయి. 1000 లీటర్లు ఖాళీ కావడానికి పదిహేను నిమిషాల లోపే. మొదటి లెక్కలోనూ ఇంచుమించు పదిహేనే వచ్చింది కదా! ఇది కాకతాళీయం. అక్కడ ఎత్తు 1 మీటరు, నష్టం సున్నా. ఇక్కడ ఎత్తు 10 మీటర్లు, నష్టం బోలెడు. రెండు లెక్కలు ఒకే సంఖ్యకి వచ్చినంత మాత్రాన ఒకటి రెండోదాన్ని నిరూపించినట్టు కాదు. డిజైన్ మీటింగుల్లో "చేత్తో వేసిన లెక్క, సాఫ్ట్‌వేర్ లెక్క సరిపోయాయి" అని ఎవరైనా అంటే, రెంటిలో ఏం వదిలేశారో అడగండి.

ఇంజనీరు ఇంకో ప్రశ్న వేస్తాడు, భౌతికవేత్తకి తట్టనిది: కొన్నేళ్ళయ్యాక? జీఐ పైపులో తుప్పు, గార పేరుకుని 25 కాస్తా 20 మిల్లీమీటర్లయితే, ఇదే లెక్క మళ్ళీ చేస్తే ప్రవాహం సుమారు 60 శాతానికి పడిపోతుంది. కాబట్టి ఈరోజు సరిపోయే పైపు వేస్తే రేపటికి సరిపోదు. మొదట్లో చెప్పిన ఆ 1.5, అంటే భద్రత కోసం వేసుకునే గుణకం, కూడా ఇలాంటి చోటినుంచే వస్తుంది. మన కాంక్రీటు కోడ్ ఐఎస్ 456లో భారాలని 1.5తో గుణిస్తాం, కాంక్రీటు బలాన్ని 1.5తో భాగిస్తాం, ఉక్కు బలాన్ని మాత్రం 1.15తోనే. ఎందుకంటే ఉక్కు ఫ్యాక్టరీలో తయారవుతుంది. కాంక్రీటు సైటులో, ఎండలో, నీళ్ళు ఎక్కువ పోసే చేతుల్లో తయారవుతుంది. ఆ రెండు సంఖ్యల మధ్య తేడా మనుషుల గురించీ పరిస్థితుల గురించీ ఉన్న జ్ఞానం. ఏ సమీకరణంలోంచీ అది రాదు. ఫిజిక్స్ నుంచి వెళ్ళినవాళ్ళు "ఎక్కడినుంచి వచ్చింది" అని తప్పకుండా అడగాలి, జవాబు విన్నాక దాన్ని గౌరవించాలి కూడా.

కుడి పేజీ రాయకపోతే ఏమవుతుంది

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ సముద్రం అడుగున వేసిన తంతి. 1850ల్లో విలియం థామ్సన్, అంటే తర్వాత లార్డ్ కెల్విన్ అయినాయన, పొడవాటి కేబుల్‌లో సంకేతం ఎలా పాకుతుందో లెక్కకట్టాడు. కడ్డీలో వేడి పాకడానికి ఫూరియే రాసిన సమీకరణమే దీనికీ వర్తిస్తుందని చూపించాడు. దాని ప్రకారం కేబుల్ పొడవు రెట్టింపైతే ఆలస్యం నాలుగింతలు. అట్లాంటిక్ టెలిగ్రాఫ్ కంపెనీలో విద్యుత్ పనులు చూసే వైట్‌హౌస్, తన ప్రయోగాల్లో అలా రాలేదని, ఆ సూత్రం కట్టుకథని వాదించాడు. 1858లో కేబుల్ పడింది. విక్టోరియా రాణి పంపిన, వంద మాటలు కూడా లేని సందేశం చేరడానికి దాదాపు 16 గంటలు పట్టింది. వైట్‌హౌస్ 2000 వోల్టుల దాకా ఎక్కించాడు. నెల తిరక్కుండా కేబుల్ మూగబోయింది. దాని తయారీలోనూ లోపాలున్నాయి, నేరమంతా వోల్టేజీది కాదు. 1866లో లావాటి తీగతో, థామ్సన్ పరికరాలతో వేసిన కేబుల్ నిలబడింది.

ఇక్కడితో ఆపేస్తే సిద్ధాంతం గెలిచిన కథలా ఉంటుంది. కానీ తర్వాత జరిగిందే నాకు ముఖ్యం. థామ్సన్ తన లెక్కలో రెండు వదిలేశాడు: తీగ స్వయం ప్రేరకత్వం, అంటే ఇండక్టెన్స్ (కరెంటు మారబోతే అడ్డుకునే గుణం), ఇంకా కేబుల్ తొడుగులోంచి కారిపోయే కరెంటు. నెమ్మదిగా టకటకలాడే టెలిగ్రాఫుకి అది సరిగ్గా సరిపోయింది. తర్వాత టెలిఫోను వచ్చింది. మనిషి గొంతులో సెకనుకి వేల కంపనాలు ఉంటాయి. అక్కడ ఇండక్టెన్స్‌ని వదలకూడదు. అయినా బ్రిటిష్ తపాలా శాఖలో తర్వాత ఇంజనీర్ల పెద్ద అయిన విలియం ప్రీస్, థామ్సన్ పాత సూత్రాన్నే టెలిఫోనుకీ వాడాడు. ఇండక్టెన్స్ చెడ్డదని, తగ్గించాలని పట్టుబట్టాడు. టెలిగ్రాఫ్ ఆపరేటరుగా పనిచేసి, కాలేజీ మొహం చూడకుండా సొంతంగా గణితం నేర్చుకున్న ఆలివర్ హెవిసైడ్ వదిలేసినవాటిని సమీకరణంలోకి తిరిగి తెచ్చాడు. ఇండక్టెన్స్ పెంచితే గొంతు వికృతం కాకుండా చేరుతుందని 1887లో చూపించాడు. చాలాకాలం ఎవరూ వినిపించుకోలేదు. 1900 ప్రాంతంలో అమెరికాలో క్యాంప్‌బెల్, పూపిన్ తీగల్లో మధ్యమధ్య ఇండక్టెన్స్ పెంచే కాయిళ్ళు పెట్టే పద్ధతి తెచ్చాక దూరం ఫోన్లు బాగుపడ్డాయి.

చూడండి, ఇంజనీరు ప్రీస్ భౌతికవేత్త సూత్రాన్ని సూత్రంగానే మోశాడు, షరతు లేకుండా. అందుకే కుడి పేజీలో వదిలేసిన ప్రతిదాని పక్కనా "ఎప్పటివరకు వదలొచ్చు" అని రాయమంటున్నాను. సూత్రం చేతులు మారేటప్పుడు ఆ పేజీ కూడా దాని వెంట వెళ్ళాలి.

అటువాళ్ళతో కూర్చున్నప్పుడు

ఇంజనీర్లతో మాట్లాడే భౌతికవేత్తలు ముందు అడగాల్సింది: ఈ సంఖ్య ఎంత తప్పయితే మీకు ఇబ్బంది? పది శాతం తప్పయినా పైపు సైజు మారదంటే, మూడో దశాంశం కోసం వారం ఖర్చు చెయ్యకండి. మార్కెట్లో దొరికే పైపు 20, ఆ తర్వాత 25, 32. మధ్యలో లేదు. భౌతికవేత్తలతో మాట్లాడే ఇంజనీర్లు అడగాల్సింది: మీరు దేన్ని సున్నా చేశారు, దేన్ని అనంతం చేశారు? ఈ ప్రశ్నకి వాళ్ళు సంతోషంగా జవాబు చెబుతారు, ఎందుకంటే వాళ్ళ ఆలోచనంతా అక్కడే ఉంటుంది.

ఒక చదువు రెండోదానికి అడ్డమని భయపడేవాళ్ళకి సిద్ధాంత భౌతికవేత్త డిరాక్‌ని చూపిస్తాను. 1921లో బ్రిస్టల్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ డిగ్రీ తీసుకున్నాడు. ఉద్యోగం దొరక్క గణితం వైపు మళ్ళాడు. అంతకుముందు కచ్చితమైన సమీకరణాలకే విలువ ఉంటుందనుకునేవాణ్ణని, ఉజ్జాయింపుల్ని సహించడం ఇంజనీరింగ్ నేర్పిందని పెద్దయ్యాక చెప్పుకున్నాడు.

ఇక మీరు సొంతంగా చెయ్యాల్సింది. వెల్డింగ్ చేసి కిలోమీటర్ల పొడవు కలిపేసిన రైలు పట్టా తీసుకోండి. ఎండకి 30 డిగ్రీలు వేడెక్కింది, కానీ సాగడానికి చోటు లేదు. ఎడమ పేజీలో భౌతికవేత్తలా: ప్రతిబలం = యంగ్ గుణకం (లోహం ఎంత బిరుసో చెప్పేది) × వ్యాకోచ గుణకం × ఉష్ణోగ్రత తేడా. ఉక్కుకి 200 గిగాపాస్కల్స్, డిగ్రీకి కోటిలో 120 వంతులు వేసుకుంటే 72 మెగాపాస్కల్స్ వస్తుంది. సూత్రంలో పట్టా పొడవు లేదని గమనించండి, అది ఎందుకు మాయమైందో రెండు వాక్యాలు రాయండి. తర్వాత ఇంజనీరులా: మీటరుకి 60 కిలోల పట్టా అడ్డుకోత సుమారు 77 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక్కో పట్టాలో దాదాపు 56 టన్నుల నొక్కుడు. అది పక్కకి వంగిపోకుండా ఎవరు పట్టుకుంటున్నారు? స్లీపర్లు, కంకర ఎంత ఆపగలవు? ఏ ఉష్ణోగ్రత దగ్గర పట్టాని బిగిస్తే మే నెలలోనూ జనవరిలోనూ తట్టుకుంటుంది? పట్టా చివర్ల దగ్గర కొంత మేర కదులుతుంది కాబట్టి అక్కడ ఎడమ పేజీ లెక్క చెల్లదు. ఎంత దూరం లోపలికి వెళ్ళాక చెల్లుతుందో కుడి పేజీలో మీరే తేల్చండి.