లంక మట్టిలో పురుగుల్ని చంపే నులిపురుగుల్ని పట్టడం

నీళ్లు నిలిచిన వరిచేనుతో మొదలుపెట్టొద్దు, గాలాడని బురదలో ఈ నులిపురుగులు (మట్టిలో ఉండే సన్నని నెమటోడ్లు) దొరకడం అరుదు. నదీ లంకల్లోని ఇసుక కలిసిన ఒండ్రు, కోనసీమ కొబ్బరి, కోకో తోటల నీడపట్టు నేల మేలు.

ఐదారు చోట్ల 5 నుంచి 20 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి కలిపి, పావుకిలో డబ్బాలో వేయండి. పిడికిట పడితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. ఎరగా తేనెపట్టు మైనం తినే చిమ్మట పురుగులు ఐదు చాలు. తేనెటీగలు పెంచేవాళ్ల పాత పట్లలో ఉంటాయి, వాళ్లకవి పీడే కాబట్టి అడిగితే కాదనరు. మూతకు సన్నని చిల్లులు పెట్టి, డబ్బా బోర్లించి, 25 డిగ్రీల దగ్గర చీకట్లో ఉంచండి. మే నెలలో రేకుల షెడ్డు పనికిరాదు, ఆ వేడికి నులిపురుగులే చస్తాయి.

మూడో రోజు నుంచి వారం దాకా చూడండి. చచ్చిన ఎర పురుగు ఇటుకరంగైతే హెటెరోరాబ్డిటిస్, గోధుమరంగైతే స్టైనర్నెమా అనే నులిపురుగు కావచ్చు. ఇలా చచ్చినవాటికి కుళ్లు కంపు ఉండదు. నల్లబడి కంపు కొడితే మామూలు బాక్టీరియా, తెల్ల బూజు కడితే శిలీంధ్రం.

ఇటుకరంగు, గోధుమరంగు ఎర పురుగుల్ని కడిగి, నీళ్ల పళ్లెంలో బోర్లించిన చిన్న గిన్నెపై ఫిల్టర్ కాగితం పరిచి దానిమీద పెట్టండి. కాగితం అంచులు నీటిని తాకాలి. 10 నుంచి 15 రోజుల్లో నులిపురుగు పిల్లలు నీటిలోకి దిగుతాయి. కుళ్లు తినే వేరే నులిపురుగులూ ఇలాగే చేరతాయి కాబట్టి, ఆ నీటి చుక్కలతో తాజా ఎరను మళ్లీ పరీక్షించండి. రెండు మూడు రోజుల్లో అదే రంగుతో చావాలి.