పిల్లికి పచ్చి మాంసం: కొనడం, దాచడం, పెట్టడం

ఫ్రీజర్‌లో పెట్టేశాం కాబట్టి మాంసంలో క్రిములు చచ్చిపోయి ఉంటాయని చాలామంది నమ్మకం. చావవు. సాల్మొనెల్లా, లిస్టీరియా, ఈ-కోలై లాంటివి మైనస్ 18 డిగ్రీల దగ్గర పెరగకుండా ఆగుతాయి, అంతే. మాంసం కరిగి 5 డిగ్రీలు దాటిందంటే మళ్ళీ జోరుగా పెరుగుతాయి, లిస్టీరియా అయితే ఫ్రిజ్ చలిలోనూ మెల్లగా పెరుగుతుంది. ఎండాకాలం మన వంటిళ్ళలో 35 డిగ్రీలు దాటడం మామూలే, ఆ వేడిలో అవి గంటలోనే ఎన్నో రెట్లవుతాయి. అందుకే కొట్టులో కోడిని కోసినప్పటి నుంచి పిల్లి పళ్ళెం ఖాళీ అయ్యేదాకా, మాంసం వెచ్చగా గడిపే సమయాన్ని ఎంత తగ్గించగలిగితే అంత తగ్గించాలి. కింద చెప్పే ప్రతి జాగ్రత్తా అందుకోసమే.

అసలు పచ్చిది పెట్టకూడని ఇళ్ళున్నాయి. గర్భిణి గానీ, ఐదేళ్ళలోపు పిల్లలు గానీ, బాగా పెద్దవాళ్ళు గానీ, క్యాన్సర్ చికిత్సలోనో అవయవ మార్పిడి మందుల మీదో ఉన్నవాళ్ళు గానీ ఇంట్లో ఉంటే వద్దు. పిల్లి ఆరోగ్యంగా కనిపిస్తూనే మలంలో సాల్మొనెల్లా వదులుతూ ఉండొచ్చు. మూతి నాక్కుని, అదే నాలుకతో ఒళ్ళంతా శుభ్రం చేసుకుని, వచ్చి దిండు మీద పడుకుంటుంది. పశువైద్యుల్లో ఎక్కువమంది ఉడికించిన తిండికే ఓటేసేదీ ఇందుకే. మాంసం కావాలి, ఈ బెడద వద్దు అనుకుంటే ఉడికించి పెట్టండి, పిల్లికి లోటేమీ ఉండదు. అయితే ఎముక మాత్రం ఉడికించింది పెట్టకూడదు. అది చీలికలుగా విరిగి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది.

బర్డ్ ఫ్లూ విషయంలో మాత్రం బేరాల్లేవు. 2025 ఫిబ్రవరిలో తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాల్లో హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ బయటపడింది. ఆ ఏడాది మొదట్లోనే మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లుల్లోనూ అదే వైరస్ కనిపించింది. మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ళ పాప దీనితోనే చనిపోయింది. జబ్బు పడకముందు పచ్చి కోడి ముక్క తిన్నదని ఇంట్లోవాళ్ళు చెప్పారు. పిల్లులకు ఈ వైరస్ సోకితే బతికేవి తక్కువ. ఇది మాంసం లోపల కూడా ఉంటుంది, ఫ్రీజర్‌లో చెక్కుచెదరదు. కాబట్టి మీ జిల్లాలోనో పక్క జిల్లాలోనో కోళ్ళు చనిపోతున్నాయని వినగానే పచ్చిది ఆపేసి, ముక్క మధ్యలో 74 డిగ్రీలు వచ్చేలా ఉడికించి పెట్టండి. ఫ్రీజర్‌లో ముందే దాచినదైనా సరే ఉడికించాల్సిందే.

కొట్టు దగ్గర

పొద్దున్నే వెళ్ళి, కళ్ళెదుట కోయించుకోండి. నరికే మొద్దును గీకి, నీళ్ళు పోసి కడిగాకే మీ కోడిని దాని మీద పెట్టమనండి. కొట్టులో కొట్టిన కీమా తీసుకోకండి. గ్రైండర్‌లో అంతకుముందు ఏం వేశారో తెలియదు. ముక్కకు పైపైన ఉండే క్రిములు కీమా అయ్యాక లోపలంతా కలిసిపోతాయి. బోన్‌లెస్ తొడ ముక్కలు, కందనకాయలు, గుండెకాయలు, కార్జం విడివిడిగా తెచ్చుకుని ఇంట్లో కత్తితో చిన్న ముక్కలు చేసుకోవడం మేలు. ఒక్కో గుండెకాయ 10 గ్రాములు కూడా ఉండదు. 100 గ్రాములు కావాలంటే పది పన్నెండు కోళ్ళవి కావాలి కాబట్టి కొట్టతనికి ముందురోజే చెప్పి పెట్టండి. మూత ఉన్న స్టీలు గిన్నెను ఐస్ ముక్కలతో సంచిలో తీసుకెళ్ళి అందులో తెచ్చుకోండి. మసాలా పట్టించినది, ఉప్పునీళ్ళలో నానబెట్టినది వద్దు. ఉల్లి, వెల్లుల్లి తగిలినది అసలే వద్దు, అవి పిల్లి రక్తంలో ఎర్రకణాల్ని నాశనం చేస్తాయి.

ఇంటికి తెచ్చాక మనకు అలవాటైన పని ఒకటి మానుకోవాలి. పసుపు, ఉప్పు వేసి కొళాయి కింద రుద్ది కడగడం. దానివల్ల క్రిములు పోవు. సింకు మీద, పక్కనున్న గిన్నెల మీద, మీ చొక్కా మీద చింది వ్యాపిస్తాయి. టిష్యూతో అద్దితే చాలు. ఇంకాస్త భద్రత కావాలంటే నీళ్ళు తెర్లుతున్నప్పుడు పెద్ద ముక్కల్ని పావు కిలో చొప్పున వేసి ఒక నిమిషం ఉంచి, తీసి, ఐస్ నీళ్ళలో ముంచండి. పైపొర తెల్లబడుతుంది, పైనున్న క్రిములు చాలావరకు పోతాయి. తర్వాత ముక్కలు కోసుకోవాలి. లోపలున్నవి దీనితో పోవు, బర్డ్ ఫ్లూకి ఇది మందు కాదు.

కిలో మాంసంలో ఏమేం ఉండాలి

ఉత్త బోన్‌లెస్ మాంసం నెలల తరబడి పెడితే పిల్లి ఎముకలు గుల్లబారతాయి. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం దాదాపు లేదు. కూనలకైతే కొన్ని వారాల్లోనే కాళ్ళు వంకరపోవడం, కాస్త దూకితేనే ఎముక విరగడం చూస్తాం. పచ్చి ఎముకను నూరి కలపొచ్చు గానీ ఇంటి మిక్సీ ఎముకను సరిగ్గా నూరలేదు, పదునైన ముక్కలు మిగులుతాయి, బ్లేడూ పాడవుతుంది. కోడిగుడ్డు పెంకులే సులువు: పది నిమిషాలు మరగబెట్టి, ఆరబెట్టి, మిక్సీలో పిండిలా మెత్తగా చేసి జల్లించుకోండి.

కిలోకి కొలత ఇలా పెట్టుకోవచ్చు: బోన్‌లెస్ తొడ మాంసం 750 గ్రాములు, గుండెకాయలు 100, కందనకాయలు 100, కార్జం 50, పెంకుల పొడి ఒక టీస్పూను తలకొట్టి, టారిన్ అనే పోషకం 1000 మిల్లీగ్రాములు. కార్జం ఇంతకు మించకూడదు. రోజూ ఎక్కువగా తింటే విటమిన్-ఎ పేరుకుపోయి మెడ ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. టారిన్ పిల్లి ఒంట్లో చాలినంత తయారు కాదు. తక్కువైతే చూపు పోతుంది, గుండె కండరం సాగి పలచబడుతుంది. గుండె జబ్బుకీ టారిన్‌కీ ఉన్న ఈ లంకె 1987లో తేలింది. గుండెకాయల్లో టారిన్ బాగానే ఉంటుంది, కానీ కోసి, గడ్డకట్టించి, కరిగించేసరికి కారిపోయే నీళ్ళతో పాటు కొంత పోతుంది. అందుకే విడిగా కలపడం. ఆ కారిన నీళ్ళను పారబోయకుండా తిండిలోనే కలపండి.

ఈ కొలత పూర్తి ఆహారం కాదని గుర్తుంచుకోండి. విటమిన్-ఇ, అయోడిన్, మాంగనీసు, ఒమేగా-3 దీనిలో చాలవు. రోజూ ఇదే తిండి అయితే మీ పిల్లి వయసు, బరువు చెప్పి పశువైద్యుడి చేత వాటి మోతాదులు రాయించుకోవాలి. వారానికి ఒకటి రెండు పూటలు మాత్రమే అయితే అంత అవసరం లేదు.

చేపలు పచ్చివి పెట్టకండి. బంగారుతీగ, కవళ్ళు లాంటి చాలా చేపల్లో బి1 విటమిన్‌ను విరగ్గొట్టే పదార్థం ఉంటుంది. అది తగ్గిన పిల్లి తల కిందికి వాల్చేస్తుంది, తూలుతుంది, ఫిట్స్ వస్తాయి. ఉడికిస్తే ఆ పదార్థం పోతుంది. మేకమాంసం పచ్చిగా పెట్టాలనుకుంటే మైనస్ 12 కన్నా చల్లగా కనీసం వారం ఉంచాకే పెట్టండి, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి తిత్తులు ఆ చలికి చాలావరకు చస్తాయి. ఫ్రీజర్ ఇలా పనికొచ్చేది పరాన్నజీవుల మీదే, పైన చెప్పిన సాల్మొనెల్లా లాంటి క్రిముల మీద కాదు. మలం పెట్టె రోజూ తీసి శుభ్రం చేయడం కూడా దీనికోసమే: పిల్లి వదిలే టాక్సోప్లాస్మా గుడ్లు మనుషులకు అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది.

ప్యాకెట్లు, ఫ్రీజర్

నాలుగు కిలోల పెద్ద పిల్లికి రోజుకు 100 నుంచి 140 గ్రాములు పడుతుంది. 120 చొప్పున జిప్ కవర్లలో తూచి వేసుకుంటే కిలోకి ఎనిమిది ప్యాకెట్లు. ముద్దలా కాకుండా ఊతప్పం మందంలో, అంటే ఒక సెంటీమీటరు ఉండేలా అరచేత్తో పరిచి, గాలి నొక్కేసి మూయండి. పలచగా ఉంటే తొందరగా గడ్డకడుతుంది, కరగడమూ అంతే తొందర. ముద్దగా పెడితే పైన కరిగి వెచ్చబడుతున్నా నడుమ ఇంకా రాయిలాగే ఉంటుంది. ఫ్రీజర్‌లో స్టీలు పళ్ళెం మీద ఒక వరసలో పరిచి, గడ్డకట్టాక ఒకదాని మీద ఒకటి పేర్చుకోండి. మాస్కింగ్ టేప్ మీద తేదీ, 'పిల్లిది' అని రాసి అంటించండి, లేకపోతే కూరలో పడే ప్రమాదం ఉంది. మాంసం ఫ్రిజ్ బయటికి తీసినప్పటి నుంచి ప్యాకెట్ ఫ్రీజర్‌లోకి వెళ్ళేదాకా అరగంటకు మించకూడదు. పని ఎక్కువుంటే సగం లోపలే ఉంచి రెండు విడతలుగా చేయండి. రెండు నెలల్లో వాడేయాలి.

ఇక ఫ్రీజర్ నిజంగా ఎంత చల్లగా ఉందో చూడాలి. డబుల్ డోర్ ఫ్రిజ్‌ల ఫ్రీజర్ మామూలుగా మైనస్ 18 ఉంటుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైనుండే చిన్న డబ్బా చాలాసార్లు అంత చలికి రాదు. ఫ్రీజర్ తలుపు మీద నక్షత్రాలు ఉంటే చూడండి: ఒకటైతే మైనస్ 6, రెండైతే మైనస్ 12, మూడైతే మైనస్ 18. లేదంటే ఫ్రీజర్ థర్మామీటర్‌ను రెండు ప్యాకెట్ల మధ్య రాత్రంతా ఉంచి పొద్దున్నే చదవండి. ఐస్‌క్రీమ్ చెంచాకు మెత్తగా దిగిపోతోందంటే ఆ ఫ్రీజర్ రెండు నెలల నిల్వకు పనికిరాదు, వారానికి సరిపడా మాత్రమే చేసుకోండి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఇంకో గండం డీఫ్రాస్ట్ బటన్. పాలు తీస్తూ ఎవరో నొక్కేస్తారు, ప్యాకెట్లన్నీ కరుగుతాయి, తర్వాత మళ్ళీ గడ్డకడతాయి, చూస్తే ఏమీ తెలియదు.

దీన్నీ, మీరు ఊళ్ళో లేనప్పటి కరెంటు కోతనీ పట్టించే చిట్కా ఒకటుంది. చిన్న గ్లాసులో నీళ్ళు గడ్డకట్టించి, ఆ మంచు మీద రూపాయి బిళ్ళ పెట్టి ఫ్రీజర్‌లోనే ఉంచండి. బిళ్ళ పైనే ఉంటే సరే. మంచులో కూరుకుపోయి ఉంటే మధ్యలో కరిగినట్టే, ప్యాకెట్లన్నీ పారేయండి. తలుపు తెరవకుండా ఉంటే నిండు ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చలి నిలబెడుతుంది, కింది ఫ్రిజ్ అర 4 గంటలే. సింగిల్ డోర్ డబ్బాకి ఈ లెక్క నమ్ముకోవద్దు.

కరిగించడం, పెట్టడం

రాత్రి పడుకోబోయే ముందు రేపటి ప్యాకెట్‌ను మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో అన్నింటికంటే కింది అరలో ఉంచండి. పెరుగు, ఇడ్లీ పిండి, వండిన కూరలు ఎప్పుడూ దానికి పైనే ఉండాలి. పొద్దునకి కరిగిపోతుంది. మర్చిపోతే ప్యాకెట్ విప్పకుండా చన్నీళ్ళలో ముంచండి, అరగంటలో దారికొస్తుంది. వంటింటి గట్టు మీద వదిలేయడం, మైక్రోవేవ్‌లో పెట్టడం రెండూ వద్దు. మైక్రోవేవ్‌లో అంచులు ఉడికి నడుమ గడ్డగానే ఉంటుంది. కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టించకండి, ఫ్రిజ్‌లోనే ఉంచి 24 గంటల్లో పెట్టేయండి.

చల్లటి తిండి పిల్లికి నచ్చదు, వాసన రాదు. ముందు ఈ పూటకి కావలసిన 60 గ్రాములు వేరుచేసి, మిగతాది వెంటనే ఫ్రిజ్‌లోకి పంపండి. వేరుచేసినదాన్ని చిన్న కవర్లో వేసి, చెయ్యి పెట్టగలిగే గోరువెచ్చటి నీళ్ళలో రెండు మూడు నిమిషాలు ఉంచితే చాలు. వేడి చేశాక విడదీస్తే రెండో సగానికి రెండుసార్లు వెచ్చదనం తగిలినట్టవుతుంది, చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

అంచు తక్కువున్న స్టీలు లేదా పింగాణీ పళ్ళెంలో పెట్టండి, ప్లాస్టిక్ గీతల్లో క్రిములు దాక్కుంటాయి. చీమలు పడితే పళ్ళెం కింద నీళ్ళు పోసిన వెడల్పాటి పళ్ళెం ఉంచండి. 20 నిమిషాలు ఇవ్వండి, చలికాలంలో అరగంట. మిగిలింది తీసి కాగితంలో చుట్టి మూత ఉన్న చెత్తడబ్బాలో వేయాలి, వీధికుక్కలకు వేయొద్దు. రోజంతా కొంచెం కొంచెం కొరికే పిల్లికి పచ్చి తిండి సరిపడదు, దానికి ముందు పూటల అలవాటు చేయాలి. అలా అని ఆకలికి మాడ్చి లొంగదీయకండి: పిల్లి 24 గంటలు ఏమీ తినకపోతే, లావుగా ఉన్నదైతే మరీ, కాలేయంలో కొవ్వు పేరుకోవడం మొదలై ప్రాణం మీదికి రావచ్చు.

ముక్క నోట కరుచుకుని మంచం మీదికి పరిగెత్తే పిల్లి అయితే తలుపు వేసి గచ్చు మీదే పెట్టండి. తిన్న చోటు, పళ్ళెం, కత్తి, చెక్క, మీ చేతులు వెంటనే సబ్బుతో కడగాలి. తర్వాత 4 లీటర్ల నీళ్ళలో ఒక టేబుల్‌స్పూను, అంటే 15 మి.లీ. మామూలు ఇంటి బ్లీచ్ కలిపి తుడిచి, రెండు నిమిషాలాగి మంచినీళ్ళతో కడిగేయండి. బ్లీచ్‌ను యాసిడ్‌తో గానీ, పిల్లి మూత్రం ఉన్న పెట్టెలో గానీ వాడకండి, విషవాయువు వస్తుంది. ఫినాయిల్ పిల్లి తిరిగే గచ్చు మీద అసలు వాడొద్దు. అందులోని ఫినాల్ లాంటి వాటిని పిల్లి కాలేయం బయటికి పంపలేదు, కాళ్ళకు అంటింది నాక్కుంటే విషమవుతుంది.

వాంతులు, రక్తం కలిసిన విరేచనాలు, జ్వరం, నీరసం ఒక పూటకు మించితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఉన్నట్టుండి తూలడం, ఫిట్స్, చూపు ఆనకపోవడం, ఆయాసం కనిపిస్తే గంట కూడా ఆగకండి. అప్పుడు బర్డ్ ఫ్లూ అయ్యే అవకాశం ఉంటుంది కాబట్టి మాస్కు, గ్లౌజులు లేకుండా పట్టుకోవద్దు. పచ్చి మాంసం తింటుందని డాక్టరుకు ఫోన్‌లో ముందే చెప్పండి. అదే తేదీ ఉన్న ప్యాకెట్ ఒకటి ఐస్‌లో పెట్టి వెంట తీసుకెళ్ళండి, పరీక్షకు పంపాల్సి వస్తే అదే కావాలి.