స్కూటీకి సైడ్ వీల్స్ పెట్టించుకుంటున్నారా, ముందు ఇది చదవండి

నా ఎడమ కాలికి పోలియో. మాది నల్గొండ జిల్లా, దేవరకొండ వైపు ఊరు. ఇప్పుడు నడుపుతున్నది రెండో బండి, మొదటిదాని మీద డబ్బులు పోసి నేర్చుకున్న పాఠాలే ఇవన్నీ.

మొదటి బండికి సైడ్ వీల్స్ కిట్ (వెనక చక్రానికి అటూ ఇటూ ఒక్కో చక్రం) బిగించిన రోజు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇప్పించారు. "నువ్వు కూర్చో అన్నా, గంటలో అయిపోతది" అన్నాడు మెకానిక్. మర్యాద బాగానే ఉంది కానీ పని అక్కడే చెడింది. బండి మీద మనిషి లేకుండా వెనక మూడు చక్రాలూ నేలకు సమానంగా ఆనేటట్టు బిగించాడు, చూడ్డానికి ముచ్చటగా ఉంది, ఇంటికి వచ్చేశాను. నాలుగో రోజు పొలం బాటలో కొంచెం మెత్తటి చోట ఆగి మళ్లీ రేజ్ ఇస్తే మధ్య చక్రం గిర్రున తిరుగుతుంది తప్ప బండి కదలదు. మేకలు కాసే పిల్లలిద్దరు వచ్చి నెట్టారు.

కారణం తర్వాత తెలిసింది. చాలా కిట్లు బండి చాసిస్‌కు, అంటే బండి ఫ్రేముకు, బిగుస్తాయి. ఇంజన్ తిప్పేది మధ్య చక్రాన్ని మాత్రమే, వెనక బ్రేకు కూడా చాలా బండ్లకు దానికే ఉంటుంది. మనం కూర్చోగానే మధ్య చక్రం షాక్ అబ్జార్బర్ దిగాలి, దిగితేనే మన బరువు ఆ చక్రం మీద పడుతుంది. కానీ అప్పటికే పక్క చక్రాలు నేలకు ఆని ఉన్నాయి కాబట్టి చాసిస్ కిందికి దిగదు, బరువంతా పక్క చక్రాలే మోస్తాయి. మధ్యది ఊరికే నేలను తాకి ఉంటుంది. అందుకే మెత్తటి చోట తిరుగుతుంది, బ్రేకు కొడితే జారుతుంది. ఈ రెండోదే ప్రమాదం, వానాకాలం నాకు బాగా అనుభవమైంది.

కాబట్టి ఎవరేమన్నా సరే, ఆఖరి బిగింపు మీరు బండి మీద కూర్చున్నప్పుడే జరగాలి. కాలికి కాలిపర్ (ఊతంగా కట్టుకునే ఇనప పట్టీ) వేసుకుని నడిపేవాళ్లయితే కాలిపర్‌తో, రోజూ వెనక భార్యనో పాపనో ఎక్కించుకునేవాళ్లయితే వాళ్లనూ ఎక్కించి ఒకసారి చూడాలి. సిమెంటు నేల మీద కూర్చుని పక్కనున్నవాళ్లను వెనక టైర్లు చూడమనండి. మధ్య టైరు అడుగున బరువుకు కొంచెం అణిగినట్టు కనబడాలి. పక్కవి ఉబ్బుగా ఉన్నా ఫర్వాలేదు, మధ్యది ఉబ్బుగా ఉండి పక్కవి అణిగితే పని తప్పు. అలాగని పక్క చక్రాలు మరీ పైకి లేపితే బండి అటూ ఇటూ ఊగుతుంది, ఆగినప్పుడల్లా ఒక పక్కకు ఒరుగుతుంది. ఆ తర్వాత ఒక పక్క చక్రం కింద సగం ఇటుక పెట్టి ఎక్కించి చూడండి, మధ్య చక్రం గాల్లోకి లేస్తే ఆ కిట్‌కు స్ప్రింగులు లేవనో, ఉన్నా మీ బరువుకు గట్టివనో అర్థం. చివరగా మొరం మీద నెమ్మదిగా పోతూ వెనక బ్రేకు కొట్టండి. అక్కడ తేలిపోతుంది. ఇదంతా చేయనివ్వని షాపులో కిట్ ఎంత చవకైనా తీసుకోవద్దని నా మాట.

ఏ బండి అంటారా? కాలి సమస్య ఒక్కటే అయితే గేర్లు లేని స్కూటీ. యాక్టివా, జూపిటర్, యాక్సెస్ ఏదైనా సరే, రెండు బ్రేకులూ చేతుల్లోనే ఉంటాయి, కాలితో పనే లేదు. మోటార్‌సైకిల్‌కు ఎడమ కాలితో గేరు, కుడి కాలితో వెనక బ్రేకు. వాటిని చేతికి మార్చే పనిమంతులు ఉన్నారు కానీ పల్లెలో ఒక వైరు తెగితే బాగుచేసేవాళ్లు దొరకరు, ఆ మోజు వదిలేయమనే చెబుతాను. చేతి సమస్య ఉన్నవాళ్ల లెక్క వేరు. కుడి చెయ్యి పట్టు లేకపోతే యాక్సిలరేటర్‌ను ఎడమ వైపు మార్చాలి. ఎడమ చెయ్యి లేనివాళ్లకు వెనక బ్రేకును ఫుట్‌బోర్డు మీద పెడల్‌గా పెడతారు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు బండ్లకు కాంబి బ్రేకు తప్పనిసరి అయింది కదా, చాలా స్కూటీలకు ఎడమ లివర్ పట్టుకుంటే ముందు వెనక రెండూ పడతాయి, ఒక్క చేత్తో నడిపేవాళ్లకు ఇది పెద్ద మేలు. ఆ వైరును మెకానిక్ తన ఇష్టం వచ్చినట్టు విడదీయకుండా చూసుకోండి.

ఒక చిన్న చిక్కు. సైడ్ వీల్స్ వచ్చాక సైడ్ స్టాండ్ ఎందుకని పీకేస్తారు. కొత్త బండ్లలో చాలావాటికి స్టాండ్ దగ్గర స్విచ్ ఉంటుంది, స్టాండ్ వేసి ఉంటే ఇంజన్ స్టార్ట్ కాదు. స్టాండ్ తీసినప్పుడు ఆ స్విచ్ సంగతి చూడకపోతే బండి మొరాయిస్తుంది, బ్యాటరీ పోయిందేమోనని టెన్షన్ పడతారు. నిజంగా బ్యాటరీ పోతే మనం కిక్ కొట్టలేం, కాబట్టి సెల్ఫ్ కాస్త నీరసంగా తిరుగుతున్నప్పుడే బ్యాటరీ చూపించాలి.

రెండు కాళ్లలో స్పర్శ లేనివాళ్లు, వెన్నుపూస దెబ్బ తిన్నవాళ్లు ఈ ముక్క తప్పక చదవాలి. కాలు ఫుట్‌బోర్డు మీంచి జారి రోడ్డుకు రాసుకుంటున్నా మీకు తెలియదు, సైలెన్సర్‌కు తగిలి కాలుతున్నా తెలియదు. బోర్డు అంచుకు నాలుగు వేళ్ల ఎత్తు రేకు కట్ట వేయించి, కాలికి ఒక వెల్‌క్రో పట్టీ పెట్టండి. సైలెన్సర్‌కు గార్డు ఉండాలి. సీటుకు వీపు ఆనేటట్టు బ్యాక్‌రెస్ట్, మెత్తటి దిండు. పార్కింగ్ బ్రేకు అన్నిటికంటే ముఖ్యం, వీల్‌చెయిర్ నుంచి బండి మీదికి మారేటప్పుడు బండి అంగుళం ముందుకు కదిలినా కింద పడతారు. ఎడమ బ్రేకు లివర్ దగ్గర లాక్ ఉన్న మోడలే కొనండి. ఊతకర్ర పెట్టుకోవడానికి మెకానిక్ అమ్మే గొట్టం అక్కర్లేదు, పీవీసీ పైపు ముక్కకు అడుగున మూత వేసి రెండు క్లాంపులతో బిగిస్తే చాలు.

మా జిల్లాలో ఇంకొక సంగతి ఉంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి మెడ, వెన్ను బిగుసుకుపోయిన మనుషులు ఉన్నారు. వాళ్లలో నడిపే ఓపిక ఉన్నవాళ్లు కాళ్ల గురించి అడుగుతారు, మెడ గురించి అడగరు. తల తిప్పి వెనక్కి చూడలేని మనిషికి అద్దాలే కళ్లు. రెండు వైపులా ఉబ్బు అద్దాలు, కొంచెం బయటికి చాచి పెట్టించుకోవాలి, లేకపోతే మన భుజమే కనబడుతుంది.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. బండిని ఇలా మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది, మార్పు ఆర్‌సీలో ఎక్కాలి. లైసెన్సులో పాతకాలంలో ఇన్‌వాలిడ్ క్యారేజ్ అని రాసేవారు, 2019 సవరణతో అది అడాప్టెడ్ వెహికల్ అయింది. మార్పు ఆర్‌సీలో ఎక్కాలి కాబట్టి అప్రూవల్ సర్టిఫికెట్ ఉన్న కిట్టే కొనాలి, లోకల్‌గా వెల్డింగ్ చేయించినదానికి ఆర్టీఓ దగ్గర తిప్పలు తప్పవు. వైకల్యానికి రుజువుగా సదరం సర్టిఫికెట్ లేదా యూడీఐడీ కార్డు దగ్గర పెట్టుకోండి. రోడ్డు టాక్స్ మినహాయింపు గురించి బండి కొనకముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి, కట్టాక వెనక్కి తెచ్చుకోవడం మన వల్ల కాదు. డ్రైవింగ్ టెస్టుకు మీ బండే తీసుకెళ్లాలి. ఇన్సూరెన్స్ వాళ్లకు కూడా మార్పు చెప్పి పాలసీలో రాయించుకోండి. వికలాంగుల సహకార కార్పొరేషన్ ద్వారా ప్రభుత్వం ఇలాంటి బండ్లు ఇస్తుంటుంది, నోటిఫికేషన్ పడితే అప్లై చేయండి, కానీ దాని కోసం ఏళ్లు ఎదురు చూడకండి.

బండి వచ్చాక వారం రోజులు రోడ్డెక్కొద్దు. ఆదివారం బడి గ్రౌండ్ ఖాళీగా ఉంటుంది, అక్కడ తిప్పండి. కాలు బాగున్నప్పుడు మామూలు బండి నడిపి, తర్వాత ప్రమాదంలో కాలు పోయినవాళ్లకు ఇదే కష్టం. రెండు చక్రాల బండి మలుపులో లోపలికి వాలుతుంది, ఇది వాలదు. ఆటోలాగా హ్యాండిల్ తిప్పాలి, ఒళ్లు మనమే లోపలికి వంచాలి. స్పీడు మీద తిప్పితే బయటి వైపుకు ఎత్తేస్తుంది. రోడ్డు అంచు వాలుగా ఉంటే బండి ఎడమకు లాగుతూనే ఉంటుంది, దేవరకొండ నుంచి నల్గొండ పోయేసరికి నా కుడి భుజం లాగేసేది మొదట్లో. వెనక వెడల్పు మర్చిపోయి మా గేటు దిమ్మెకు రెండుసార్లు కొట్టాను. కోతల టైంలో రోడ్డు సగం వడ్లు ఆరబోస్తారు కదా, ఒక పక్క చక్రం వడ్ల మీద, మధ్యది తారు మీద పడితే బండి పక్కకు గుంజుతుంది. అక్కడ బ్రేకు పట్టకుండా రేజ్ వదిలేసి నెమ్మదిగా దాటండి.

మొదటి నెల వారానికోసారి కిట్ బోల్టులు చూడాలి, కొత్తలో అదురుకు వదులవుతాయి. స్పానర్ పట్టుకుని కింద పడుకోవడం మనకు కుదరదు కాబట్టి నేనొక పని చేశాను. బోల్టులు బిగించాక ప్రతి నట్టు మీంచి కిట్ పట్టీ మీదికి మా ఆవిడ గోళ్ల రంగుతో ఒక గీత గీయించాను. ఫోన్‌తో కింద ఫోటో తీసి చూస్తే చాలు, గీత ఎక్కడైనా పక్కకు జరిగితే ఆ నట్టు తిరిగినట్టే.