పిల్ల తాబేలును ఆరోగ్యంగా పెంచడం ఎలా? అది సరిగ్గా పెరుగుతోందని తెలుసుకోవడం ఎలా?

మాది శ్రీకాకుళం. సెలవులకు వచ్చినప్పుడు శ్రీకూర్మం గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళను చూసిన దగ్గర్నుంచి మా పిల్లలు ఒకటే పట్టు, మనమూ ఒకటి పెంచుదామని. మేముండేది ఇంగ్లండ్‌లో కాబట్టి చివరికి ఒప్పుకున్నాను. హెర్మన్స్ జాతి పిల్ల తాబేలు, ఆరు నెలల వయసులో మా ఇంటికొచ్చింది. పేరు కూర్మారావు. మగో ఆడో తెలియడానికి ఇంకా ఏళ్ళు పడుతుంది, అయినా పేరు పెట్టేశాం.

ఇండియాలో చదువుతున్నవాళ్ళకు ముందే ఒక మాట. నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. 2022 సవరణతో అది షెడ్యూల్ 1లోకి వెళ్ళింది, అంటే పులికి ఉన్నంత రక్షణ. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని ఎవరైనా అట్టపెట్టెలో పెట్టి తెచ్చిచ్చినా తీసుకోకండి. ఇక్కడ బ్రిటన్‌లో హెర్మన్స్‌ను కొనేటప్పుడు ఆర్టికల్ 10 సర్టిఫికెట్, అంటే రక్షిత జాతిని అమ్మడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి పత్రం, అడిగి తీసుకోవాలి. అది లేకుండా అమ్మడం కుదరదు.

1. ముందు ఇల్లు, తర్వాత తాబేలు

మనకు అన్నీ తాబేళ్ళే. కానీ ఇది నేల తాబేలు, దీనికి ఈత రాదు. తొట్టెలో నీళ్ళు పోసి వదిలితే మునిగి చచ్చిపోతుంది. పైన మూత లేని చెక్క పెట్టె తీసుకుని, అడుగున మట్టి, కొబ్బరి పొట్టు కలిపి నాలుగు వేళ్ళ మందాన పరవండి. తాబేలు అందులో గొయ్యి చేసుకుని పడుకుంటుంది. మట్టి అడుగున కాస్త తడిగా ఉండాలి. గాలి మరీ పొడిగా ఉంటే చిప్ప మీది పలకలు గుట్టలు గుట్టలుగా లేస్తాయి, దాన్నే పిరమిడింగ్ అంటారు. పప్పులూ మాంసకృత్తులూ ఎక్కువైతేనే ఇలా అవుతుందని చాలాకాలం అనుకున్నారు. 2003లో ఆఫ్రికా సల్కాటా తాబేళ్ళ మీద వచ్చిన పరిశోధనలో తిండి కన్నా గాలిలో తేమ ప్రభావమే ఎక్కువని తేలింది.

పెట్టెలో ఒక మూల వేడిగా, ఇంకో మూల చల్లగా ఉండాలి. వేడి కోసం పెట్టే కరెంటు దీపం కింద 32 నుంచి 35 డిగ్రీలు, చల్లటి వైపు 20కి కాస్త అటూ ఇటూ. దీపాన్ని క్లిప్పుతో తగిలించకండి, జారి మట్టి మీద పడితే నిప్పంటుకుంటుంది. గొలుసుతో వేలాడదీయండి. రాత్రి అన్నీ ఆపేయవచ్చు, మనం ఉండే గది చలి దానికి సరిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది యూవీబీ ట్యూబు, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలను ఇచ్చే లైటు. అది లేకపోతే విటమిన్ డి3 తయారవదు, తిన్న కాల్షియం ఒంటికి పట్టదు, చిప్ప మెత్తబడుతుంది. కిటికీ దగ్గర ఎండ పడుతోంది కదా అనుకోవద్దు, అద్దం యూవీబీని ఆపేస్తుంది. ట్యూబు వెలుగుతూనే ఉంటుంది గానీ యూవీబీ తగ్గిపోతూ ఉంటుంది, అందుకే ఏడాదికోసారి మార్చాలి. మార్చిన తేదీ ట్యూబు మీదే మార్కర్‌తో రాసేయండి.

2. తిండి: మన ప్రేమ దగ్గరే చిక్కు

మా అమ్మ మూడు నెలలు ఉండటానికి వచ్చినప్పుడు దాన్ని చూసి అన్న మొదటి మాట, “పాపం, చిక్కిపోయిందిరా.” మర్నాటి నుంచి నాకు తెలియకుండా టమాటా ముక్కలు, దోసకాయ, పాలకూర. ఒకరోజు పెరుగన్నం మెతుకు కూడా దొరికింది. ఆ నెల బరువు చూసి నాకే అనుమానం వచ్చింది. అంతకు ముందు నెలకు రెండు గ్రాములు పెరిగేది, ఆ నెల ఏకంగా ఆరు.

తాబేలు విషయంలో బొద్దుగా పెరగడం మంచి లక్షణం కాదు. తొందరగా పెరిగితే లోపలి ఎముక ఆ వేగాన్ని అందుకోలేదు. హెర్మన్స్ పుట్టిన చోట, మధ్యధరా తీరంలో, తినేది కలుపు మొక్కలే. కాబట్టి డాండిలియన్, సో థిసిల్, మందార ఆకులు, పువ్వులు, మల్బరీ ఆకులు పెట్టండి. ప్లాంటైన్ అనే కలుపు ఆకు కూడా మంచిదే, అరటికాయతో దానికి ఏ సంబంధమూ లేదు. మందు కొట్టిన చోట కోయకండి. పాలకూరలో ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. పండ్లు, అన్నం, రొట్టె, పాలు వద్దు. ఆకుల మీద కాల్షియం పొడి చిటికెడు చల్లండి. పెట్టెలో ఒక సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ ఎముక) ముక్క పడేస్తే కావలసినప్పుడు కొరుక్కుంటుంది.

3. స్నానం

పిల్ల తాబేలు ఒంట్లో నీరు త్వరగా ఆరిపోతుంది. మొదటి ఏడాది రోజూ, తర్వాత వారానికి రెండు మూడు సార్లు, గోరువెచ్చటి నీళ్ళలో పావుగంట ఉంచండి. నీళ్ళు గడ్డం దాటకూడదు. అందులోనే తాగుతుంది, అందులోనే విసర్జిస్తుంది. మూత్రంతో పాటు వచ్చే తెల్లటి పదార్థం పెరుగులా మెత్తగా ఉంటే మంచిది. ఇసుకలా గరగరలాడితే నీళ్ళు చాలడం లేదని అర్థం. ఆ గిన్నె వంటింటి సింకులో కడగకండి, సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండవచ్చు. ముట్టుకున్నాక పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

4. బరువు, పొడవు, నోటుపుస్తకం

తాబేలు మూలగదు. ఒంట్లో బాగాలేదని మన కంటికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది, కాటాకు మాత్రం ముందే తెలుస్తుంది. ఒక గ్రాము వరకూ చూపించే డిజిటల్ కాటా కొని దీనికే ఉంచండి. పైన చిన్న డబ్బా పెట్టి, అంకెను సున్నా చేసి, తాబేలును అందులో ఉంచండి. నాలుగు కాళ్ళూ ఆడిస్తూ అంకెను ఆడిస్తుంది. ఒక్క క్షణం ఆగి, మెడ చాపి చుట్టూ చూసినప్పుడు టక్కున చదివేయాలి.

వారానికోసారి, ఒకే సమయానికి, తిండికీ స్నానానికీ ముందే తూయండి. ఒక ఆదివారం 31 గ్రాములున్న కూర్మారావు పై ఆదివారం 28 చూపించాడు. నాకు ఒకటే టెన్షన్. పదో వంతు బరువు పోయిందంటే మాటలా! వెట్‌కు, అంటే పశువుల డాక్టర్‌కు, ఫోన్ చేశాను. ఆవిడ అడిగింది ఒకటే ప్రశ్న, “స్నానానికి ముందా, తర్వాతా?” ఆ రోజు పొరపాటున స్నానం అయ్యాక తూశాను, అప్పుడే మూత్రం పోసేశాడు. అప్పటి నుంచి అంకె పక్కన ‘ముందు’ అని కూడా రాస్తున్నాను.

పొడవును నెలకోసారి కొలిస్తే చాలు. టేపును చిప్ప మీద వంపుగా వేయకూడదు. స్కేలు మీద తాబేలును ఉంచి, ముందొక పుస్తకం, వెనకొక పుస్తకం నిలబెట్టి, మధ్య దూరం చూడండి. వెర్నియర్ కాలిపర్ ఉంటే ఇంకా సుఖం.

రెండేళ్ళలో మావాడు 45 మిల్లీమీటర్ల నుంచి 66కు పెరిగాడు, బరువేమో 24 నుంచి 68 గ్రాములైంది. పొడవు సగం కూడా పెరగకుండా బరువు దాదాపు మూడింతలైందని కంగారు పడక్కర్లేదు. పొడవుతో పాటు వెడల్పూ ఎత్తూ కూడా పెరుగుతాయి, లెక్క అలాగే ఉంటుంది. పొడవు ఆగిపోయి బరువొక్కటే ఎగబాకితే తిండి ఎక్కువైందేమో చూడండి. పొడవు పెరుగుతూ బరువు మాత్రం మూడు నాలుగు వారాలు కదలకపోతే ముందు దీపం కింద థర్మామీటర్ పెట్టండి. వేడి చాలకపోతే తిన్నది అరగదు.

ఎంత పొడవుకు ఎంత బరువుండాలో చూపించే జాక్సన్ రేషియో అని ఒక గ్రాఫ్ కనబడుతుంది, 1980లో ఒక బ్రిటిష్ పశువైద్యుడు ప్రచురించినది. అది ఎదిగిన తాబేళ్ళకు. పిల్లల మీద ప్రయోగించి భయపడకండి. మీ తాబేలుకు మీ నోటుపుస్తకమే గ్రాఫ్.

నెలకో ఫోటో కూడా తీయండి, పైనుంచి ఒకటి, పొట్ట వైపు ఒకటి. పలకల మధ్య లేత రంగు గీత కనబడితే పెరుగుతున్నట్టే. ఆ వలయాలు లెక్కపెట్టి వయసు చెబుతామనేవాళ్ళను మాత్రం నమ్మకండి, ఏడాదికొకటే పడాలని ఏమీ లేదు.

5. వెట్ దగ్గరికి ఎప్పుడు?

ముక్కు దగ్గర బుడగలు, ఊపిరిలో శబ్దం, లోపలికి పోయిన కళ్ళు, మెత్తబడుతున్న చిప్ప, రెండు మూడు రోజులుగా తిండి ముట్టకపోవడం. వీటిలో ఏదున్నా కుక్కలు, పిల్లులను మాత్రమే చూసే డాక్టర్ కాకుండా సరీసృపాలను చూసే డాక్టర్‌ను వెతకండి. నోటుపుస్తకం వెంట తీసుకెళ్ళండి.

శీతాకాలం నిద్ర సంగతీ ఆ డాక్టర్‌తోనే మాట్లాడాలి. ఇక్కడ చాలామంది 5 డిగ్రీల దగ్గర, విడిగా ఒక ఫ్రిజ్‌లో పడుకోబెడతారు. మా అమ్మకు ఈ మాట చెబితే ఫోన్‌లో రెండు నిమిషాలు మాట లేదు, తర్వాత “గోంగూర పచ్చడి పక్కనా?” అంది.

పొట్ట వైపు చిప్ప 10 సెంటీమీటర్లకు చేరాక మైక్రోచిప్ వేయించాలి. మావాడు అక్కడికి రావడానికి ఇంకా కొన్నేళ్ళు పడుతుంది. ఆలోగా కూర్మారావు ఆడపిల్ల అని తేలితే పేరు సంగతి అప్పుడు చూస్తాం.