ఇంజిన్ హీట్ అయితే బానెట్ కింద చెయ్యి పెట్టే ముందు
టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దగ్గరికి వస్తే ఏసీ ఆపి, బండి పక్కకి తీసి ఇంజిన్ ఆఫ్ చేయండి. రేడియేటర్ మూత జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు, లోపల ప్రెషర్ వల్ల కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత కాస్త వదులవగానే ఒక్కసారిగా మరిగి మొహం మీదకి చిమ్ముతుంది, అందుకే పూర్తిగా చల్లారనివ్వండి, తర్వాత రేడియేటర్ పైవైపున్న రబ్బరు హోస్ నొక్కి చూడండి, గట్టిగా ఉంటే ఇంకా ప్రెషర్ ఉన్నట్టే.

రేడియేటర్ ఫ్యాన్ తిరగట్లేదు కదా అని వేలు పెట్టకండి ప్లీజ్, కీ తీసేసినా కొన్ని బండ్లలో అది దానంతటదే తిరుగుతుంది, బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీశాకే రెక్కలు, కనెక్టర్ ముట్టుకోండి. ఫ్యూజ్ పోతే అదే ఆంపియర్‌ది వేయండి, పెద్దది వేస్తే వైరింగే కాలిపోతుంది.

వేడి ఇంజిన్‌లో చన్నీళ్లు పోయొద్దు, ఇంజిన్ హెడ్ (పైభాగం) పగలొచ్చు. కారిన కూలెంట్ వెంటనే తుడిచేయండి, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది విషం.